కళ్ళజోడు పిల్లి

పళ్ళెంలో ఉడకబెట్టిన గుడ్డు మాయమైంది. మా కోడలి గుండె జారిపోయింది.

మా మనవరాలికి పుట్టుకతోనే ప్రోటీన్ పడదు. తింటే అది విషమై మెదడుకెక్కుతుంది. ఆ సంగతి బయటపడేసరికి పిల్లకు రెండేళ్లు నిండాయి. అప్పటినుంచి దాని అన్నం కూడా తూచే పెడుతున్నాం. బంగారం కొట్లో కూడా అంత జాగ్రత్తగా తూచరు. నేను చూశాను, అది వేరే కథ. ఐదేళ్లొచ్చినా దానివి ముక్కలు ముక్కలు మాటలే. "మాటలొస్తాయి గానీ, ఊహలు అల్లడం కష్టమే," అన్నాడు డాక్టరు.

"గుడ్డు తిన్నావా తల్లీ? నిజం చెప్పు!"

"నేను కాదు. పిల్లి."

మా ఇంట్లో పిల్లి లేదు.

"ఏ పిల్లి?"

"ముసలి పిల్లి. కళ్ళజోడు పిల్లి. మీసానికి పచ్చసొన."

కోడలు నా వైపు తిరిగింది. గుడ్డు ముట్టొద్దని నాకూ ఓ డాక్టరు చెప్పాడు, కాదనను.

"మామయ్యా!" అని అరిచి, అంతలోనే పిల్లను ఎత్తుకుని నవ్వుతూ ఏడుస్తూ గిరగిరా తిప్పేసింది.

తాతయ్య తిన్నాడని చెప్పనని దానిచేత ఒట్టు వేయించుకున్నది నేనే. ఆ గడుగ్గాయి ఒట్టూ తప్పలేదు, నన్నూ వదల్లేదు.

వెంటనే ఆ ముసలి పిల్లి స్వయంగా డాక్టరుకు ఫోన్ చేసింది: "మా మనవరాలు ఊహ అల్లిందండోయ్!"

ఆ పిల్లి మీసానికి పచ్చసొన ఇంకా అలాగే ఉంది.