రేపటి బరువు

"ఎనభై పౌన్ల బరువు తక్కువ, రూబెన్," అన్నాడు వెండెల్ ప్రాట్, వాకిలి మెట్ల మీదే ఆగిపోయి. "బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడాల్సిన కుర్రాణ్ణి అడిగితే నువ్వు నాకు తడిక చూపిస్తున్నావు."

"మొన్న మ్యాచ్‌లో వాడి కాళ్ళు చూశావుగా?" అన్నాడు రూబెన్. ఆ ఊరి హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ అతను.

"చూశాను కాబట్టే వచ్చాను. లేకపోతే ఈపాటికి పక్క ఊళ్ళో ఆ రెండోవాడి ఇంట్లో కూర్చునేవాణ్ణి. వాడు ఇప్పటికే తయారై ఉన్నాడు. నా దగ్గర మిగిలింది ఒక్క సీటు. చదువు, హాస్టలు, తిండి, అన్నీ కాలేజీవే. సాయంత్రంలోగా ఎవరో ఒకరికి మాట ఇచ్చేయాలి."

"ఇది దొరక్కపోతే జూడ్ బడి అయిపోగానే వాళ్ళ నాన్న వెంట సముద్రంలో చమురు బావి మీదకి పోతాడు. చదువు అక్కడితో సరి."

"అది నా లెక్కలోకి రాదు. ముందు తల్లిని చూడనీ."

"నీ పద్ధతి లూసియానా మొత్తానికి తెలుసులే," అని రూబెన్ తలుపు తోశాడు.

వెండెల్ కాలేజీ జట్టుకి కుర్రాళ్ళను ఏరే మనిషి. పదిహేడేళ్ళవాణ్ణి చూసి, ఇరవై ఒకటో ఏట ఎలా ఉంటాడో చెప్పడమే అతని పని. భుజాలతో గుద్దుకునే ఆ ఆటలో కాళ్ళ చురుకు ఎవరూ నేర్పలేరు. కండ మాత్రం తిండితో వస్తుంది, అదీ మోయగల ఎముక ఉంటేనే. ఆ ఎముక సంగతి కుర్రాడిలో ఇంకా బయటపడదనీ, కన్నతల్లి మణికట్టులో, భుజాల్లో ముందే తెలిసిపోతుందనీ అతని నమ్మకం. ఆ నమ్మకం అతన్ని నష్టపెట్టింది తక్కువ.

లోపల భోజనాల బల్ల దగ్గర జూడ్ లేచి నిలబడ్డాడు. పొడుగ్గా, సన్నగా, చొక్కాని హ్యాంగరుకి తగిలించినట్టున్నాడు. అతని పక్క కుర్చీలో ఉన్నావిడను చూడగానే వెండెల్‌కి ప్రాణం లేచొచ్చింది. తలుపు నిండే భుజాలు. చేయి కలిపితే అతని వేళ్ళు ఆవిడ అరచేతిలో మునిగిపోయాయి.

"నేను మార్లీన్‌ని. కూర్చోండి కోచ్, గంబో పులుసు చల్లారిపోతోంది."

వంటింట్లోంచి ఒకావిడ పెద్ద అన్నం గిన్నె మోసుకొచ్చింది. జూడ్ గబుక్కున వెళ్ళి అందుకున్నాడు. పెద్దవాళ్ళు బరువు మోస్తుంటే చూస్తూ కూర్చోలేనివాడు జట్టులో తలనొప్పి తెచ్చిపెట్టడు. వెండెల్ దాన్ని కూడా జమలో వేసుకున్నాడు.

"మీ వైపు అందరూ ఇంత దిట్టంగానే ఉంటారా, మేడమ్?"

"మా అన్నదమ్ములు నలుగురూ ఏ గుమ్మంలోనైనా తల వంచుకుని రావలసినవాళ్ళే. చిన్నవాడి పెళ్ళికోటు ఏడాది తిరక్కుండా చంకల్లో పిగిలింది."

"పదిహేడేళ్ళప్పుడు ఎలా ఉండేవాడు?"

"కొంగలాగ. గాలివానొస్తే ఎవరో ఒకళ్ళం పట్టుకునేవాళ్ళం." ఆవిడ గలగలా నవ్వింది. "ఇంకాస్త వేసుకోండి కోచ్. మీరు తినే తీరు చూస్తుంటే ఆ సీటు మీకే ఇచ్చుకునేలా ఉన్నారు."

రూబెన్ ఆవిడకంటే గట్టిగా నవ్వాడు.

వెండెల్ చెంచా కింద పెట్టాడు. లెక్క తేలిపోయింది. తయారైనవాణ్ణి ఎవరైనా తీసుకుంటారు. వాడు ఎంత ఉన్నాడో అంతే. ఈ తడిక మూడేళ్ళ మంచి తిండితో గోడవుతుంది, పైగా ఆ కాళ్ళు. "జూడ్, నా సీటు నీకే," అన్నాడు.

బల్ల చుట్టూ ఊపిరి వదిలిన చప్పుడు. కుర్రాడు మాత్రం తల ఎత్తలేదు.

"కోచ్, నేను పెరక్కపోతే?"

"వీడికి నోరు ఆగదు," అన్నాడు రూబెన్ కంగారుగా. "తినరా."

"అడగనీ," అన్నాడు వెండెల్.

"ఇంత తిండి పెట్టినా నేను ఇలాగే ఉండిపోతే? అప్పుడు నన్ను వెనక్కి పంపించేస్తారా?"

ఇన్నేళ్ళలో ఎంతోమంది కుర్రాళ్ళు అతనికి తమ గొప్పలు చెప్పుకున్నారు. తన లోటు తనే ఎత్తి చూపినవాడు ఒక్కడూ లేడు.

"చూడు బాబూ, నిన్ను తూచింది నేను. తూకం తప్పితే నష్టం నాది. నువ్వు పుల్లలా ఉండిపోయినా నాలుగేళ్ళ చదువు నీదే. పదిమందిలో మాట ఇచ్చి వెనక్కి తీసుకుంటే రేపు ఏ ఇంట్లోనూ నాకు అన్నం పెట్టరు." చేయి చాచాడు. "కలుపు."

జూడ్ చేయి కలిపాడు.

వెండెల్ తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలి మార్లీన్ వైపు తిరిగాడు. "ఇక మీ మాటే మిగిలింది. తల్లి మనస్ఫూర్తిగా పంపితేనే కుర్రాడు నిలదొక్కుకుంటాడు. పంపిస్తారా?"

మార్లీన్ రూబెన్ వైపు చూసింది. రూబెన్ తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. జూడ్ అప్పటికే వంటింటి వైపు తిరిగిపోయాడు.

ఇందాక అన్నం గిన్నె తెచ్చినావిడ గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటోంది. జూడ్ పక్కన నిలబడితే అతని మోచేతికి కాస్త పైకి వస్తుందేమో. ఆ మణికట్లు పదేళ్ళ పిల్లవి అనుకోవచ్చు.

"పంపిస్తాను కోచ్," అందావిడ. తర్వాత రూబెన్ వైపు చూసి, "ఇప్పుడు మీ ఆవిడ లేస్తే, నేనొచ్చి నా కొడుకు పక్కన కూర్చోవచ్చా?" అని అడిగింది.