వెనక చక్రాల లెక్క

సాలీ కుడికాలి చెప్పు ఎప్పుడో జారిపోయింది. మండే తారు మీద వట్టి పాదం ఆనించి నిలబడి ఉన్నాడు.

"అన్నా, కాలు కాలుతోంది, చూసుకో," అన్నాడు పక్కనున్న గసంత్, పొడుగాటి రొట్టెలో కూరిన చిప్సు నములుతూ.

సాలీ కిందికి చూసి చెప్పు తొడుక్కున్నాడు.

షుగర్ వచ్చి ఆ పాదంలో స్పర్శను పట్టుకుపోయింది.

కేప్‌టౌన్ కారు పందేల్లో ఆ పాదానికి ఒకప్పుడు పేరుండేది. ముందు చక్రాలతో నడిచే బండికి పెద్ద ఇంజను పెడితే, బయల్దేరేటప్పుడు బరువంతా వెనక్కి వాలుతుంది. ముందు టైర్లు పట్టు తప్పి, ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ కక్కుతాయి.

సాలీ తొక్కితే పొగ లేచేది కాదు. టైరు జారబోతోందని అతని బొటనవేలికి ముందే తెలిసిపోయేది.

ఇప్పుడు అతని నీలం గోల్ఫ్ కారులో స్టీరింగు పట్టుకుని కూర్చున్నది కూతురు నురాన్.

బొటనవేలికి బదులు ఆమె ఒక డబ్బా బిగించింది. సబ్బుపెట్టె అంత ఉంటుంది. దాని తీగలు నాలుగు చక్రాలకూ పోతాయి. ముందు చక్రాలు వెనకవాటిని మించి తిరిగితే, ఇంజనులో నిప్పురవ్వను అది క్షణం పాటు ఆపి, టైర్లు మళ్లీ పట్టు అందుకునేలా చేస్తుంది.

పొద్దున్న ఇంట్లో మాట అయింది.

"పొగ లేచిందంటే డబ్బా పీకేస్తా. ఇక సీటు తష్రీక్‌ది."

తష్రీక్ అతని మేనల్లుడు.

"లేవకపోతే, నాన్నా?"

సాలీ టీ తాగాడు.

ఈ సిగ్నల్ నుంచి ఆ సిగ్నల్ దాకా పరుగు. పక్కన మిచెల్స్ ప్లెయిన్ నుంచి వచ్చిన ఎర్ర బండి.

పచ్చలైటు పడింది.

గోల్ఫ్ ముందు భాగమంతా తెల్లటి పొగలో మాయమైంది. ఆగ్నేయపు గాలి ఆ పొగను తీసుకొచ్చి సాలీ మొహాన కొట్టింది. అది విడిపోయేసరికి ఎర్ర బండి అవతలి సిగ్నల్ దాటేసింది.

జనం ఈలలు వేశారు. వాళ్లకు పొగంటే ఇష్టం.

"డబ్బా బాగానే పనిచేస్తోందన్నా," అన్నాడు గసంత్. "నాలుగు మాంసం ముక్కలు వేలాడదీస్తే భోజనం కూడా అయిపోయేది."

నురాన్ తిరిగొచ్చేసరికి తష్రీక్ హెల్మెట్ పెట్టేసుకున్నాడు.

"దిగు వదినా. మామయ్య మాటంటే మాటే."

ఆమె దిగింది. ఎవరి వైపూ చూడకుండా బండి చుట్టూ తిరిగింది. వెనక ఆగి గొంతుకూర్చుంది.

"ఈ మేరీ బిస్కెట్లు ఎవరు వేశారు?"

సన్నటి స్టెప్నీ చక్రాలను అక్కడ అలాగే అంటారు. బరువు తగ్గుతుందని పందెం రోజున అందరూ వెనక అవే బిగిస్తారు.

"నేనే," అన్నాడు సాలీ. "నువ్వు పేరు రాయించడానికి వెళ్లినప్పుడు. ఎప్పుడూ వేసేవే కదా."

"ఇవి చిన్నవి నాన్నా. చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. డబ్బా వెనక చుట్లు చూసే బండి వేగం లెక్కగడుతుంది. బండి జోరుగా పోతోంది, ముందువి జారట్లేదు అనుకుంది. నేను మామూలు చక్రాలతో సరిచూశాను."

"ఎలా లేచినా పొగ పొగే," అన్నాడు తష్రీక్.

నురాన్ తండ్రి వైపు చూసింది. ఇంకో అవకాశం ఇమ్మని అడగలేదు.

సాలీ ఆ చక్రాలను చూస్తూ ఉండిపోయాడు. ఏళ్ల తరబడి వేసినవే. అతని బొటనవేలు ఎన్నడూ వెనక చక్రాల మొహం చూడలేదు.

"తష్రీక్, ఆ హెల్మెట్ తీసి పక్కన పెట్టు. జాకీ పట్రా."

"నువ్వెందుకన్నా, కుర్రాడు బిగిస్తాడు," అన్నాడు గసంత్.

సాలీ అప్పటికే మోకాళ్ల మీద కూర్చున్నాడు. మామూలు చక్రాలు తనే ఎక్కించాడు. ఒక్కో నట్టూ బిగించి, మళ్లీ ఓసారి లాగి చూశాడు.

ఎర్ర బండివాడు నవ్వాడు. "మళ్లీనా? సాలీ అన్న అడిగితే సాయంత్రం దాకా ఓడిస్తా."

పచ్చలైటు పడింది.

పొగ లేదు.

గోల్ఫ్ టపటపమంటూ, ఆగాగి పేలుతూ కదిలింది.

"అయ్యో, దగ్గుతోందన్నా. ప్లగ్గు పోయినట్టుంది," అన్నాడు గసంత్.

సాలీ కళ్లు మూసుకుని విన్నాడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. తన పాదంలాగే, కాస్త వదిలి, కాస్త తొక్కి, మళ్లీ వదిలి. రెండో గేరు పడ్డాక తనైతే ఇంకొంచెం వదిలేవాడు. డబ్బాకు ఆమె అంత వదలడం నేర్పలేదు. బండి నేలకు అతుక్కుని సాగిపోయింది.

"పోలేదు," అన్నాడు.

కళ్లు తెరిచేసరికి అవతలి సిగ్నల్ కింద నీలం రంగు ముందుంది. ఎర్రది వెనక.

గసంత్ నమలడం ఆపాడు.

"ఆ పిల్లకి ఇదంతా ఎవరు నేర్పారు?"

"నేను కాదు." సాలీ మెడ నిటారుగా పెట్టి చెప్పాడు.

సాయంత్రం అందరూ సామాన్లు సర్దుకుంటున్నారు.

"అన్నా రా, పొద్దున్న తీసుకొచ్చినట్టే దింపేస్తా," అని గసంత్ తన వ్యాను దగ్గర్నుంచి పిలిచాడు.

సాలీ వెళ్లమని చెయ్యూపాడు. గోల్ఫ్ దగ్గరికి నడిచి ఎడమ తలుపు తీశాడు. బండి కొన్న నాటి నుంచి ఆ పక్కన అతను ఎన్నడూ కూర్చోలేదు.

మోకాళ్లు డాష్‌బోర్డుకు తగిలాయి. సీటు కింద చేత్తో కాసేపు వెతికాడు.

"దీన్ని వెనక్కి జరపడమెలా?" అని కూతుర్ని అడిగాడు.