అడిగి వేసుకున్న మందు

"మాత్రలు మింగి వచ్చారా?" పరిశోధకురాలు విసురుగా అడిగింది.

ఎదుట కూర్చున్న బస్సు డ్రైవరు బిక్కమొహం వేశాడు. "ఏం మాత్రలండీ?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

దానిమ్మ రసంలోని ఒక పదార్థాన్ని మన పేగుల్లోని సూక్ష్మజీవులు విరిచి, కండరాలకు మేలు చేసే మరో పదార్థంగా మారుస్తాయి. ఆ పని చేసే జీవులు అందరి కడుపులోనూ ఉండవు. గట్టి రకం ఒక్కటి దొరికితే పెంచి, నడవలేని ముసలివాళ్లకు మందుగా ఇవ్వాలని ఆమె ఆశ.

ఏళ్ల తరబడి జనాన్ని బతిమాలి రసం తాగిస్తోంది, మర్నాడు మూత్రంలో ఆ మారిన పదార్థం ఎంతుందో పరీక్షిస్తోంది, మలం నమూనా ఫ్రీజర్‌లో దాస్తోంది. ఎవరిది చూసినా అంతంత మాత్రమే. నెలాఖరుకి దొరక్కపోతే ప్రయోగశాల గది ఖాళీ చేయమని పై అధికారి తేల్చి చెప్పేశాడు.

ఇలాంటప్పుడు ఈ డ్రైవరు లెక్క మాత్రం ఆకాశాన్నంటింది. ఆ మారిన పదార్థమే మందుల షాపుల్లో మాత్రలుగా దొరుకుతోంది. ఇంకేముంది, మింగేసి వచ్చాడు!

మీరిచ్చిన రసం తప్ప ఏమీ ముట్టలేదని అతను ఎంత మొత్తుకున్నా వినలేదు. పేరు కొట్టేసి పంపేసింది.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు, బుగ్గ వాచిపోయి. పన్నుకు చీము పట్టిందట. డాక్టరు యాంటీబయాటిక్ రాశాడట.

"అది వేస్తే కడుపులో జీవులన్నీ పోతాయి, అడక్కుండా వేసుకోవద్దన్నారు కదండీ. అందుకే నొప్పి ఓర్చుకుని ఆగాను. వేసుకోమంటారా?"

అసలే పరీక్షల యంత్రం మొరాయించి ఉంది. ఆమె తలెత్తి కూడా చూడలేదు.

"శుభ్రంగా వేసుకోండి. మీతో మాకేం పని?"

నెలాఖరు ముంచుకొచ్చింది. అందరి మలం నమూనాలూ గాజు గొట్టాల్లో రసంతో కలిపి చూశారు. ఒక్కటీ గట్టిగా పనిచేయలేదు. దిక్కుతోచక తోటి పరిశోధకుడు ఫ్రీజర్ మూలనున్న డ్రైవరు డబ్బా తీసి, అడుగున మిగిలిన కాస్తా గొట్టంలో వేశాడు.

తెల్లారేసరికి ఆ గొట్టంలో రసం పదార్థం మొత్తం మారిపోయింది.

ఆమె ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. గొట్టానికి మాత్రలు మింగే నోరు లేదు.

అందులో జీవులేమైనా మిగిలాయా అని అడిగింది. పరీక్ష కోసం ఆసిడ్ పోసేశానని, అన్నీ చచ్చిపోయాయని అతను నసిగాడు.

డ్రైవరుకి ఫోన్ చేసింది. తప్పంతా తనదేనంది. వెంటనే రమ్మంది. ఆ మందు ఇంకా మొదలుపెట్టలేదు కదా అని అడిగింది.

"మీరు సరేనన్నాకే మొదలుపెట్టానండీ, కోర్సంతా వాడేశాను," అన్నాడు ఆమె ఇన్నేళ్లుగా వెతుకుతున్న మనిషి.