ఏడో గొట్టం

“మళ్ళీ అదే. ఏడోదాంట్లోనూ గీత లేదు,” అన్నాడు ప్రొఫెసర్ ఓగ్న్యాన్, ఫిల్ముని కిటికీ వెలుతురుకి పట్టుకుని. అవతల విటోషా కొండ మీద ఇంకా మంచు ఉంది.

ఆరు గొట్టాలు రోగులవి. మనిషి కణంలో జన్యువు మేలుకోవాలంటే ఒక ప్రొటీను వచ్చి దాన్ని అంటిపెట్టుకోవాలి. అంటుకుంటే ఫిల్ము మీద గీత పడుతుంది. ఈ రోగుల్లో పుట్టుకతోనే అది నిలవదు, జన్యువు లేవదు. యాభై దాటాక నరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోతాయి. ఏడో గొట్టంలో ఉన్నది, పోల్చి చూడ్డానికి, ఆరోగ్యంగా ఉన్న ఒకరి రక్తం. మూడుసార్లు పరీక్ష చేసినా అందులోనూ గీత రాలేదు.

“ఇది నిజమైతే మన తొమ్మిదేళ్ళ పని మట్టిపాలే. లేదంటే ఎవరో గొట్టాలు తారుమారు చేశారు. మూడో దారి లేదు, స్నెజానా.”

స్నెజానా ఇరవయ్యారేళ్ళుగా అక్కడ రక్తం తీస్తోంది. మార్చి ఒకటిన ల్యాబ్‌లో పని చేసే పదకొండు మందికీ, వసంతం వచ్చిందని ఆనవాయితీగా ఎర్రా తెల్లా దారాలు కట్టి, తలా ఒక గొట్టం తీసుకుంది. వాటిలో ఒకటి ఈ ఏడోది. గొట్టం మీద అంకే ఉండాలి, పేర్లు ఆవిడ పుస్తకం దాటకూడదు. ఆ రూలు ప్రొఫెసరే పెట్టాడు.

ఆవిడ పుస్తకం తెరిచి చూసి మూసేసింది. ప్లెవెన్ ఊరి నుంచి ఒక రోగి కూతురు వచ్చి, ఈ జబ్బు నాకూ వస్తుందా అని ఏడ్చిన రోజు గుర్తొచ్చింది. ప్రొఫెసర్ ఆ పిల్లకి ఏమీ చెప్పకుండా పంపేశాడు. “మందే లేనప్పుడు చెప్పి ఏం లాభం? ఉన్నన్నాళ్ళూ నవ్వుకోనీ,” అన్నాడు. ఆ రోజు స్నెజానాకి ఒళ్ళు మండింది.

“నేనే తారుమారు చేశాను, సార్. రోగి గొట్టం మీద ఏడు వేసేశాను.”

కోపంతో ఆయన చెయ్యి వణికి కాఫీ బల్లంతా ఒలికింది. కళ్ళు కనబడకపోతే ఇంటి పట్టున ఉండాల్సింది, ఎవరి ప్రాణాలతో ఆడుకుంటున్నావు అని చెడామడా తిట్టాడు. రాజీనామా రాసిమ్మన్నాడు. పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆవిడ రాసిచ్చి, బల్ల తుడిచింది. రేపే వేరే గొట్టంతో మొదలెడదామని ఆయన పక్క గదిలో కుర్రాళ్ళకి ఉత్సాహంగా చెబుతున్నాడు. ఒక్కడైనా ఆవిడ వంక చూడలేదు.

స్నెజానా పుస్తకంలోంచి మార్చి పేజీ చింపి మడిచి, కోటు జేబులో పెట్టుకుంది.

ఏడో అంకె పక్కన ఉన్నది ప్రొఫెసర్ పేరే.