అద్దె మాటలు

“పొద్దస్తమానం ఆ హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని ఎవరితో మాట్లాడతావమ్మా?” గుమ్మంలోంచి తొంగిచూస్తూ అడిగింది ఇంటి ఓనరమ్మ.

“పనండీ పిన్నిగారూ.”

“ఏం పని?”

“వేరేవాళ్ళ పనులు చేసిపెట్టడం. టికెట్లు తీయడం, మెయిళ్ళకి జవాబులివ్వడం...”

“ఎవరా వేరేవాళ్ళు?”

“అది చెప్పకూడదండీ.”

“చెప్పకూడని పనా! దొంగనోట్లు గానీ అచ్చేస్తున్నావా ఏంటి? కరెంటు బిల్లు చూసి అనుకుంటూనే ఉన్నా.”

ఆమె నవ్వింది. ఓనరమ్మ మెట్లు దిగి వెళ్ళిపోయాక గదిలో ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.

ఆమె వర్చువల్ అసిస్టెంట్. క్లయింట్లు ఎక్కడెక్కడో ఉంటారు. వాళ్ళ మెయిళ్ళు, వాట్సాప్‌లు ఆమె కంప్యూటర్లో తెరిచి ఉంటాయి. ఎవరు ఏ మాత్ర వేసుకుంటారో, ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆమెకు తెలుసు. వాళ్ళలో ఒక్కరు రోడ్డు మీద ఎదురైనా ఆమెను పోల్చుకోలేరు.

ఉద్యోగంలో చేరిన రోజు ఏజెన్సీ మేనేజరు ఒకటే చెప్పింది. “ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర నోరు జారావో, ఆ రోజుతో సరి.”

నోరు జారడానికైనా మనుషులుండాలి కదా. భర్త పోయాక ఆమె సొంత ఫోను మోగిందంటే, లోను కావాలా అని అడిగే పిల్లే.

సార్ ఆమెకు పాత క్లయింటు. వంతెనలు కట్టే ఇంజినీరు. నెలలో సగం రోజులు సైట్ల మీదే. మొదట్లో ఆయన రైలు టికెట్లు, మీటింగులు మాత్రమే చూసేది. ఒకరోజు మొహమాటపడుతూ అడిగాడు.

“అమ్మా, మా ఆవిడకి నాలుగు మంచి మాటలు రాసి పంపగలవా? విడిపోదామనే దాకా వచ్చింది మా వ్యవహారం. నేను రాస్తే టెండరు నోటీసులా ఉంటుంది.”

ఆమె రాసింది. ఆయన తరఫున, ఆయన పేరుతో. తిన్నావా అని అడిగింది. నడుం నొప్పి ఎలా ఉందని అడిగింది. ‘హాల్లో ఆ ఆకుపచ్చ కర్టెన్లు తీసేద్దాం, నీకు నచ్చవుగా’ అని కూడా రాసింది.

ఆ సాయంత్రమే సార్ ఫోన్ చేశాడు.

“ఆ కర్టెన్లు దానికి నచ్చవని నీకెలా తెలుసు? నాకే తెలీదు! మా అమ్మ కొన్నవని ఇన్నేళ్ళూ నోరెత్తలేదట.”

కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

“వీడియో మీటింగులో మీ వెనకాల కనిపించాయి సార్. ఆ రంగు ఏ ఆడదానికి నచ్చుతుంది చెప్పండి?”

“మంత్రగత్తెవమ్మా నువ్వు!” పడీ పడీ నవ్వాడు.

అప్పట్నుంచి అవతలి వైపు నుంచీ జవాబులు రావడం మొదలైంది. ‘మీరు ఊళ్ళో లేనప్పుడు మీ చెప్పులు గుమ్మం దగ్గరే ఉంచుతున్నాను. లోపల ఎవరో ఉన్నట్టుంటుంది’ అని వచ్చింది ఒకసారి. సార్ దాన్ని ఆమెకు చదివి వినిపించాడు. సగంలో ఆగి, మళ్ళీ మొదట్నుంచీ చదివాడు.

“చూశావా ఎలా రాసిందో! తన లోపల ఇంత ఉందని నాకు తెలీదమ్మా.”

“బాగుంది సార్,” అంది ఆమె.

ఆ ఇంట్లో విడాకుల మాట మళ్ళీ వినపడలేదు. సైటు మీద ఉన్నా సార్ రోజూ సాయంత్రం కోసం ఎదురుచూసేవాడు. ఆమె కూడా.

ఇవాళ మళ్ళీ ఫోన్ చేశాడు.

“రేపు ఇంటికెళ్తున్నా. నిజం చెప్పేస్తాను.”

“ఏ నిజం సార్?”

“ఆ మెసేజీలు నేను రాసినవి కావని. తను మనసులోంచి తీసి రాస్తుంటే నేను అద్దె మాటలు పంపుతున్నాను. మొహం చూడాలంటే సిగ్గేస్తోంది.”

“వద్దు సార్. మేడమ్ తట్టుకోలేరు. కథ మళ్ళీ మొదటికొస్తుంది.”

“రానీ. ఇద్దరిలో తనొక్కతే నిజంగా ఉంటే నేనేం మనిషిని?”

“మన మధ్య మాట బయటికి పొక్కకూడదని ఒప్పందం ఉంది కదా సార్.”

“ఆ ఒప్పందం నీ నోటికమ్మా, నా నోటికి కాదు.”

నాలిక చివరిదాకా వచ్చింది ఒక మాట. అది అంటే ఆయన ఆగిపోతాడు. కానీ అనకూడదు. మింగేసింది.

“నువ్వేం రాయకు. ఈ ఒక్కటీ నేనే రాసుకుంటా,” అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె కిటికీ దగ్గరకెళ్ళి నిలబడింది. కింద వీధిలో ఎవరో ఎవర్నో అన్నానికి రమ్మని కేకేస్తున్నారు. రెండుసార్లు పిలిచాక అవతలి మనిషి విసుక్కుంటూ పలికాడు. ఆ విసుగు కూడా చెవికి ఇంపుగా ఉంది.

వెనక కంప్యూటరు టింగుమంది.

సార్ మొట్టమొదటిసారి తన చేత్తో భార్యకు రాసుకున్న మాటలు, ‘రేపు వస్తున్నా, ఒకటి చెప్పాలి, నువ్వు రాసినవన్నీ దాచుకున్నాను’ అన్నవి, ఆమె చూసే ఇంకో క్లయింటు వాట్సాప్‌లో వచ్చి పడ్డాయి, ఆ వెంటనే మేడమ్ ఫోన్ చేసి, “షాపులో బేరాలతో ఊపిరాడట్లేదమ్మాయ్, మా ఆయనకి ఎప్పట్లాగే నా పేరుతో నువ్వే ఏదో ఒకటి మంచిగా రాసి పంపెయ్,” అంది.