మాటలు మారిస్తే చాలు

వీడియో సగమైనా కాలేదు, మేనేజరు కుర్చీలోంచి లేచాడు.

"ఆపండి! ఎవరు రాశారమ్మా ఈ మాటలు?"

టీచరమ్మ కంప్యూటరు ఆపింది. ఆమె పక్కన తొమ్మిదో తరగతి పిల్ల నిలబడి ఉంది. బడంతా దాన్ని గడుగ్గాయి అంటారు. వీడియో దానిదే. పోటీ పేరు 'అడిగే హక్కు మాది'. మూడు నిమిషాల్లో పిల్లలు తమ మనసులో మాట చెప్పాలి. పదహారు బళ్లు బరిలో ఉన్నాయి. మేనేజరు సంతకం లేనిదే వీడియో గేటు దాటదు. సాయంత్రం అయిదింటితో గడువు సరి.

గడుగ్గాయి మనసులో మాట దాచుకోలేదు. హాస్టల్ నీళ్ల ట్యాంకు ముందు నిలబడి, చేతులు తిప్పుతూ మరీ చెప్పింది. తెర మీద పిల్ల, వెనక టీచరమ్మ గొంతు.

"ఈ ట్యాంకు కడిగి మూడు నెలలైంది. నీళ్లలో పురుగులు. పదకొండు మందికి వాంతులు. ఎందుకు కడిగించరని అడిగితే, మేనేజరు గారు చేతులు కట్టుకుని కూర్చోమన్నారు."

మేనేజరు మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. మూడు నెలల కిందటి దాకా ఆయన సిమెంటు కొట్టు నడిపాడు. మామగారు బడి కమిటీలో పెద్దమనిషి కావడం వల్ల ఈ కుర్చీ దక్కింది. కమిటీకి తలవంపులొస్తే మామగారైనా ఊరుకోడు. వీడియో వెళ్తే కుర్చీ ఊడుతుంది. వెళ్లకపోతే పిల్లలు ఆ పురుగుల నీళ్లే తాగాలి. కుర్చీలో ఉన్నవాడికి ముందు కుర్చీయే గుర్తొస్తుంది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగే పిల్ల ఆ తర్వాత, అదీ తీరిక దొరికితే.

"ఈ పిల్ల నా నోటి వంకే చూస్తుందేంటమ్మా?"

"మీరేమంటారోనని, సార్."

"అనడానికేముంది? ఇది చెరిపేసి ఇంకోటి తీయండి."

"టైమ్ లేదు సార్. మన బడి ఒక్కటే పంపకపోతే కమిటీ వాళ్లు ఎందుకని అడుగుతారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేనేజరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. గడుగ్గాయి టీచరమ్మ కొంగు లాగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ గొంతు సవరించుకుంది.

"పోనీ, బొమ్మ అలాగే ఉంచి మాటలు మార్చేస్తే సార్? డబ్బింగ్ సినిమాల్లో లాగా."

మేనేజరు మొహం చాటంతయింది.

"భేష్! మరి పెదాలు కలవొద్దూ?"

"ఇందులో ఎవరూ పెదాలు పెద్దగా కదపరు సార్. మీరు చెప్పండి, నేను రాసుకుంటాను."

మేనేజరు మీసం దువ్వాడు.

"రాయి. మా ట్యాంకు నీళ్లు అమృతం."

"అమృతం. తర్వాత?"

"మా మేనేజరు గారు మాకు తండ్రి."

"కన్న తండ్రా, పెంచిన తండ్రా సార్?"

"రెండూ వేసెయ్యమ్మా, మన సొమ్మేం పోయింది!"

"ట్యాంకు లోపలి బొమ్మ ఒకటుంది. పురుగులు కనిపిస్తున్నాయి."

"తీసెయ్!"

తీసేసింది.

"మరి ఈ పిల్ల చేతులు తిప్పడం కూడా తీసెయ్యమంటారా?"

మేనేజరు కాసేపు తెర వంక చూశాడు.

"చూస్తుంటే తల తిరిగిపోతోంది. చేతులు కట్టుకోమని రోజూ నీతో చెప్పిస్తూనే ఉన్నాను. సరే, ఉండనీ. పిల్లలన్నాక ఆ మాత్రం హుషారుండాలి. చేతులు ఊపితే ఎవరి కొంప మునుగుతుంది!"

నాలుగున్నరకి టీచరమ్మ కొత్త మాటలు చదివింది. తేనె లాంటి గొంతు. మేనేజరు రెండుసార్లు విన్నాడు. మూడోసారి కళ్లు మూసుకుని విన్నాడు. బరబరా సంతకం గీకాడు.

"చూశావా, ఎంత బుద్ధిమంతురాలో! ఒక్క మాట ఎదురు చెప్పలేదు," అని గడుగ్గాయి వీపు తట్టాడు.

పోటీ రోజు హాలు కిక్కిరిసిపోయింది. మేనేజరు కొత్త చొక్కా తొడుక్కుని, ఛాతీ మీద 'మేనేజరు' అన్న బిళ్ల తగిలించుకుని మధ్య వరుసలో కూర్చున్నాడు. పక్కన టీచరమ్మ, ఆ పక్కన గడుగ్గాయి.

వీడియో మొదలైంది. తెర మీద గడుగ్గాయి చేతులు గిరగిరా తిరుగుతున్నాయి.

"మా ట్యాంకు నీళ్లు అమృతం," అంది టీచరమ్మ గొంతు.

హాలంతా ఒక్కసారి కదిలింది.

"మేనేజరు గారు మాకు కన్న తండ్రి, పెంచిన తండ్రి."

ముందు వరుసల్లో వాళ్లు వెనక్కి తిరిగి మేనేజరు బిళ్ల వంక చూశారు. కొందరు నవ్వారు. ఒకావిడ తల కొట్టుకుంది. ఇంతమంది మెచ్చుకుంటుంటే ఏం చెయ్యాలో తోచక మేనేజరు కాలరు సర్దుకున్నాడు. వీడియో అయిపోగానే జనం లేచి నిలబడ్డారు. చేతులన్నీ గాల్లో రెపరెపలాడాయి.

జడ్జీల్లో పెద్దావిడ వేదిక దిగి నేరుగా మేనేజరు దగ్గరకొచ్చింది. చీటీ ఒకటి చేతిలో పెట్టింది.

'మొదటి బహుమతి మీ బడికే. ట్యాంకు రేపు పొద్దున్నే మీరు కడిగిస్తారా, మీ కమిటీకి చెప్పి మమ్మల్నే కడిగించమంటారా?'

మేనేజరు చీటీ రెండుసార్లు చదివాడు. మెల్లగా టీచరమ్మ వైపు తిరిగాడు.

"మాటలు... మార్చలేదా నువ్వు?"

"మార్చాను కదా సార్. ఇప్పుడే విన్నారు కూడా."

గడుగ్గాయి చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడి ఉంది.

నిజమే, విన్నాడు, కానీ అది బధిర విద్యార్థుల పోటీ, ఆ హాలు మొత్తం మీద పిల్లల చేతులు మాట్లాడే భాష రాక టీచరమ్మ గొంతునే నమ్ముకున్నవాడు ఆయన ఒక్కడే.