వానకోయిల గూడు

షావ్‌మాన్ తలగుడ్డ జరపగానే కంటి కింద కమిలిన మచ్చ బయటపడింది.

"మీ ఆయన మళ్లీ చెయ్యి చేసుకున్నాడా?" అంది పక్కింటి గెంగ్ అవ్వ.

"దెబ్బలు మామూలే అవ్వా. వసంతం వచ్చి సమాధుల పండగ దాటిపోయినా మా చూరు కిందికి వానకోయిలలు రాలేదు. దుఃఖమున్న గడప వానకోయిల తొక్కదంటారు కదా! బావి దగ్గర అందరూ చెవులు కొరుక్కుంటున్నారు. మా ఆయనైతే నా పాదమే మంచిది కాదంటున్నాడు."

అవ్వ తన గుమ్మం పైనున్న మట్టిగూటి కేసి చూసింది. కాపురమంటే అలా ఉండాలని ఊళ్లోవాళ్లు కొత్త కోడళ్లను తీసుకొచ్చి చూపించే గూడు అది.

"నీకేం అవ్వా, మీ ఇంటికి ఏటా వస్తాయి."

"వస్తాయని ఎవరు చెప్పారే పిచ్చిమొహమా?" అవ్వ గొంతు తగ్గించింది. "కాలవగట్టు మట్టి తెచ్చి, గోధుమగడ్డి కలిపి పిసుకు. మగాళ్లు పొలం పోయాక చిన్న చిన్న ఉండలుగా అంటించు."

"పిట్టలేవని అడిగితే?"

"మేతకెళ్లాయను. ఎవరూ రెండోసారి అడగరు. వాళ్ల చూర్ల కింద మాత్రం పిట్టలు కట్టాయనుకున్నావా?"

షావ్‌మాన్ లేచి గుమ్మం దాటుతుంటే అవ్వ మళ్లీ పిలిచింది.

"ఎడంచేత్తో కూడా అలవాటు చేసుకోవే. కుడిచెయ్యి లేవని ఏడాది కూడా గూడు కట్టాలి కదా."